పదకొండు ముఖాలకు ఒక్క కవచం

గోదావరి జిల్లాలో ఒక మనిషి బుల్లెట్టు తగిలినా పగలని ముఖకవచం కొన్నాడంటే, ఎవరో ఆయన మీద పగబట్టారనుకుంటాం. లోకనాథ్ గారి మీద ఎవరికీ పగ లేదు. ఇక్కడ తిట్టుకునేటప్పుడు కూడా చివర్న ‘అండి’ తగిలించి మరీ తిట్టుకుంటారు. తుపాకీ దాకా వెళ్లే ఓపిక ఎవరికుంది? ఆయనకున్నదల్లా రావులపాలెం అవతల కొబ్బరితోటల మధ్య ‘పూలవాన ఫైర్‌వర్క్స్’ అనే బాణసంచా కేంద్రం, అందులో పదకొండుమంది పనివాళ్లు.

ఆ వేసవిలో ఎక్కడో దూరాన అలాంటి కేంద్రమే ఒకటి పేలిపోయింది. పనివాళ్లకి రక్షణ సామగ్రి ఇవ్వాలి, ఇచ్చినట్టు ఫొటోలు చూపించాలి అని పైనుంచి ఆర్డర్లు వచ్చాయి. లోకనాథ్ గారు హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్లి, పోలీసులూ సైనికులూ వాడే సరుకు అమ్మే స్టాలు ముందు ఆగారు. హెల్మెట్టు, దానికి ముందు బొటనవేలంత మందాన అద్దం. బాంబు పేలి ఇనప ముక్కలు ఎగిరొచ్చినా ముఖం మీద గీత పడదని స్టాలువాడు చెప్పాడు. ఆయన ముచ్చటపడి కొన్నారు. ఒకటి.

“పదకొండు కొంటే దానికి విలువేముంటుందయ్యా?” అన్నారు మేనేజరు శ్యాంబాబుతో.

“అదేనండి,” అన్నాడు శ్యాంబాబు. పన్నెండేళ్ల సర్వీసులో యజమానితో అతను ఇంకో మాట అన్న దాఖలా లేదు.

దానికి పసుపు రాసి, కుంకం పెట్టి, నిమ్మకాయతో దిష్టి తీసి, ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టారు. తాళంచెవి శ్యాంబాబు మొలతాడుకి ఎక్కింది. నెలకోసారి లోకనాథ్ గారు మందు కలిపే షెడ్డు చూడ్డానికి వెళ్లేటప్పుడు మాత్రం బీరువా తెరిచేవారు. ఆయన కవచం తగిలించుకుని, గడప ఇవతలే నిలబడి, లోపలివాళ్లని ఏదో అడిగేవారు. ఏమడిగారో ఎవరికీ వినపడేది కాదు. వాళ్లు తలూపేవారు. అయిదు నిమిషాల్లో తనిఖీ అయిపోయేది. రోజుకి ఎనిమిది గంటలు ఆ షెడ్డులోనే కూర్చునేవాళ్లు మూతికి పాత చీరగుడ్డ కట్టుకునేవాళ్లు.

అలా కూర్చునేవాళ్లలో ఏసమ్మ ఒకతె. నలభై ఆరేళ్ల మనిషి. పదహారేళ్లుగా మందు కలపడం, జల్లించడం ఆమె పనే. ఆదివారం చర్చిలో పాటందుకునేదీ ఆమే. కొడుకు ఆటో తోలుతాడు. ఒకరోజు ధైర్యం చేసి లోకనాథ్ గారిని అడిగింది.

“అయ్యగారూ, అలాంటిది మాక్కూడా ఒకటి ఇప్పిస్తే బాగుంటుందండి. అంత ఖరీదుదే అక్కర్లేదండి.”

“మీకెందుకు ఏసమ్మా? మీరు అలవాటుపడ్డవాళ్లు. నేను ఎప్పుడో గాని రాను కదా, నాకే ప్రమాదం,” అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

మందుకి పాతవాళ్లంటే అభిమానమని, కొత్త ముఖాలంటే పడదని ఏసమ్మకి ఆ రోజే తెలిసింది.

ఇత్తడి గరిటె పోయిందని చెబితే శ్యాంబాబు ఇనప గరిటె తెచ్చిపెట్టాడు. “ఇనుము రాసుకుంటే నిప్పు రవ్వ పుడుతుందండి,” అంది ఏసమ్మ. “అయితే రాసుకోకుండా కలుపు,” అన్నాడు శ్యాంబాబు.

దీపావళి ఇంకా మూడు నెలలుందనగా తనిఖీ ఆఫీసరుగారు వస్తున్నారని కబురొచ్చింది. రక్షణ కవచంతో పనిచేస్తున్న మనిషి పక్కన ఆయన నిలబడ్డ ఫొటో కావాలి. ముందు నాగదుర్గని పిలిచారు. ఆమె ఏసమ్మ పక్కనే కూర్చుని చిచ్చుబుడ్లు కూరే మనిషి, పిడికెడు కొప్పు ఉన్నది. హెల్మెట్టు కొప్పు మీదే ఆగిపోయింది. ఏసమ్మ జుట్టు టైఫాయిడ్‌లో ఊడి పలచబడింది గనక ఆమె తలకి సరిగ్గా పట్టింది. పదహారేళ్లలో సంస్థ తరఫున ఆమెకి దక్కిన మొదటి గౌరవం అది.

“నవ్వు ఏసమ్మా,” అన్నాడు శ్యాంబాబు, ఫొటో ఎలా పడుతుందో చూద్దామని ఫోను పైకెత్తి.

“నవ్వుతానే ఉన్నానండి. అద్దం మీద ఆవిరి పట్టింది, మీకు అవపడట్లేదు.”

పదకొండింటికి రావాల్సిన ఆఫీసరుగారు ఒంటిగంటకీ రాలేదు. దారిలో ఎవరింట్లోనో రొయ్యల వేపుడు దగ్గర ఆగారని తెలిసింది. ఏసమ్మకి మెడ నొప్పెట్టింది. మాస్కు తీసేస్తానంది.

“వద్దొద్దు, బిగించడానికి అరగంట పట్టింది. ఊరికే కూర్చోకుండా అలాగే కలుపుతూ ఉండు. ఆర్డర్లు బోలెడున్నాయి,” అన్నాడు శ్యాంబాబు.

ఏసమ్మ అలాగే కూర్చుంది. మిగతావాళ్లు తోటలో అన్నాలకి కూర్చున్నారు. నాగదుర్గ మంచినీళ్లకని బయట కుళాయి దగ్గరికి వెళ్లింది. గరిటె సిమెంటు గచ్చుకి రాసుకుంది. తెల్లటి వెలుగు ఒకటి ఏసమ్మ కళ్లముందు విచ్చుకుంది. చప్పుడు ఆమెకి వినపడలేదు. పక్కనున్న పొడి డబ్బా ముక్కలై ఎగిరింది. షెడ్డు రేకులు కొబ్బరిచెట్ల మీదికి పోయాయి. నాగదుర్గ బిందెతో పరిగెత్తుకొచ్చి, మండుతున్న చీర మీద నీళ్లు కుమ్మరించింది.

అద్దంలో మూడు రేకు ముక్కలు దిగబడి ఉన్నాయి. రెండు సరిగ్గా కళ్లకెదురుగా. దాని వెనక ముఖం మీద గీత లేదు. స్టాలువాడు అబద్ధం చెప్పలేదు. చేతులు మాత్రం మోచేతుల దాకా కాలిపోయాయి. చేతుల గురించి స్టాలువాడు ఏమీ అనలేదు.

లోకనాథ్ గారు కారు దిగుతూనే, “మాస్కు ఎలా ఉంది?” అన్నారు. గేటు దగ్గర విలేఖరి కనిపించాక, “ఏసమ్మ ఎలా ఉంది?” అన్నారు.

మర్నాడు పేపర్లో ‘యజమాని ముందుచూపు, మహిళకు పునర్జన్మ’ అని వచ్చింది. నాలుగోరోజుకి షెడ్డు మీద కొత్త రేకులు పడ్డాయి. అయిదోరోజు లోకనాథ్ గారు ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని రాజమండ్రి ఆస్పత్రికి వెళ్లి ఏసమ్మకి డజను యాపిల్స్ ఇచ్చారు. రెండు చేతులకీ కట్లున్న మనిషి వాటిని అందుకోలేకపోవడంతో ఫొటో అనుకున్నంత బాగా రాలేదు.

నెల తిరక్కుండానే బాణసంచా వ్యాపారుల సంఘం ఆయనకి ‘భద్రతా భూషణ’ బిరుదు ప్రకటించింది. రావులపాలెంలో సభ. తనిఖీ ఆఫీసరుగారే ముఖ్య అతిథి. ఏసమ్మ వేదిక మీద నాలుగు మాటలు చెబితే నిండుగా ఉంటుందని శ్యాంబాబు ఇంటికొచ్చి, రాసిపెట్టిన కాగితం చదివి వినిపించాడు.

“ఎల్లొద్దమ్మా,” అన్నాడు కొడుకు.

“ఎల్తాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు ఇంతవరకూ,” అంది ఏసమ్మ.

సభలో దండలయ్యాయి, శాలువా అయింది. ఏసమ్మని మైకు దగ్గరికి తీసుకొచ్చారు. కట్లు కట్టిన చేతులు ఎత్తి దణ్ణం పెట్టబోయి, నొప్పికి ఆగిపోయింది. ఆమెకి కోపంగా లేదు. నోరు ఎండిపోతోంది, అంతే.

“అందరికీ నమస్కారమండి. ఆ మాస్కు ఉండబట్టే నా కళ్లు దక్కాయండి, అబద్ధమాడకూడదు. అది ఫొటో కోసం పెట్టారండి. ఆఫీసరుగారు పదకొండింటికే వచ్చుంటే, ఫొటో తీసేసి మాస్కు బీరువాలో పెట్టేసేవారండి. ఆయన బోజనం దగ్గర ఆలస్యం చేయబట్టి నేను బతికానండి. అందుకని ఆ దండ ఆయనక్కూడా ఒకటి వేయండి, బాగుంటుంది.”

ఎవరో పకపకా నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

“మేం పదకొండుమందిమండి. మాస్కు ఒకటేనండి. నాగదుర్గకి కొప్పు లేకపోతే ఆ మాస్కు తనకే పెట్టేవారు, నేను చీరగుడ్డతో కూర్చునేదాన్ని. ఇత్తడి గరిటె అడిగానండి. అదివ్వలేదు.”

లోకనాథ్ గారు చప్పట్లు కొట్టారు, అలవాటు కొద్దీ. ఇంకెవరూ కొట్టకపోయేసరికి ఆపేశారు. ఆఫీసరుగారు కండువా సర్దుకున్నారు. ముందు వరసలో విలేఖరి రాసుకుంటున్నాడు. విలేఖరి రాసుకుంటున్నప్పుడు ఆఫీసర్లకి బాధ్యత గుర్తొస్తుంది. మర్నాడే ఆయన తనిఖీకి వచ్చారు. ఈసారి తొమ్మిదింటికే. మధ్యాహ్నానికి పూలవానకి సీలు పడింది.

దానితో కథ సుఖాంతమైందనుకుంటే పొరపాటు. దీపావళి ముందు రెండు నెలల కూలి పదిమందికి పోయింది. ఏసమ్మ ఆస్పత్రికి కట్లు మార్పించుకోవడానికి వెళ్తుంటే వీధిలో ముఖాలు తిప్పేసుకున్నారు. నాగదుర్గ గుమ్మంలో నిలబడి మరీ అంది: “మైకు దొరికిందని మాటాడేశావు. నా పిల్లలకి ఏం పెట్టమంటావు చెప్పు?”

ఏసమ్మ కట్లు మార్పించుకుని ఇంటికొచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. బతికించిన మనిషి చేతే తిట్లు తినడం చేతుల మంటకన్నా కష్టంగా ఉంది. కానీ చెప్పినదాంట్లో ఏ మాట వెనక్కి తీసుకోవాలో ఎంత ఆలోచించినా తేలలేదు.

క్రిస్మస్ ముందు కేంద్రం మళ్లీ తెరిచారు. పనివాళ్లందరికీ ముఖం అద్దాలు, తోలు చేతితొడుగులు, ఇత్తడి గరిటెలు వచ్చాయి. గేటు మీద ‘మీ ప్రాణమే మా ప్రథమ ప్రాధాన్యం’ అని లోకనాథ్ గారు బోర్డు రాయించారు. తనకి ఆ ఆలోచన మొదట్నుంచీ ఉందని ఆయన అందరితో అంటారు. శ్యాంబాబు “అదేనండి” అంటాడు.

ఏసమ్మ మళ్లీ పనిలోకి వెళ్లలేదు. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. కోడలు తల దువ్వుతుంది. లేబర్ ఆఫీసులో ఆమె కేసు నడుస్తోంది. నడుస్తోందంటే, ఉందని అర్థం.

జనవరిలో ఒక ఆదివారం నాగదుర్గ ఇంటికొచ్చింది. చేతిలో చిన్న క్యారేజీ. ఏసమ్మ పక్కన కూర్చుని మూత తీసింది. చింతచిగురు, ఎండురొయ్యలు. అన్నంలో కలిపి ముద్ద చేసి నోటికందించింది.

“ఆ అద్దం పెట్టుకుంటే ఒకటే ఉక్కపోతక్కా,” అంది.

“తీసేస్తున్నావేంటి?”

“మొన్న తీసేద్దామనే చెయ్యెత్తాను. అప్పుడే పొడి గుప్పుమంది. అద్దం నల్లబడింది.” నాగదుర్గ ఇంకో ముద్ద కలిపింది. “నాకేం కాలేదు.”

ఏసమ్మ ఆమె ముఖాన్ని కాస్త ఎక్కువసేపే చూసింది. నుదుటి మీద బొట్టు, చెంపన చిన్న పుట్టుమచ్చ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

“కూరలో ఉప్పు తగ్గింది. అయినా బాగుంది. ఇంకో ముద్ద పెట్టు,” అంది.