మసి రాని కూత

ఆ కాలనీలో గోడలకు సున్నం వేయడం ఎప్పుడో మానేశారు. ఎవరైనా కొత్తగా కాపురానికి వచ్చి వేయిస్తే మిగతావాళ్ళు నవ్వుకునేవారు. కరెంటు కంపెనీ పొగగొట్టం నీడ పొద్దున ఒక వీధి మీద, సాయంత్రం ఇంకో వీధి మీద పడేది. బాయిలర్ గొట్టాలకు మసి పేరుకుంటే ఆవిరితో ఊది వదిలించాలి. ఊదే ముందు కూత కొట్టాలి. ఒక పొడుగు కూత, వెనకే ఒక పొట్టి కూత. అది వినపడితే కాలనీలో ఎవరూ ఆలోచించరు. తీగ మీది బట్టలు లోపలికొస్తాయి, గిన్నెల మీద మూతలు పడతాయి, కిటికీలు మూసుకుంటాయి, ఉయ్యాల మీద దుప్పటి పరుచుకుంటుంది. పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాలు కూడా ముందు కిటికీ మూసి, తరవాత మిగతా తిట్లు తిట్టుకుంటారు.

ఆ కూత కొట్టేవాణ్ణి అందరూ కూతాయన అనేవారు. అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన మాటకు విలువుందో లేదో కానీ ఆయన కూతకు ఉంది. మసి లేకుండా కూత కొట్టలేదు. కూత లేకుండా మసి వదల్లేదు. భార్య దగ్గి దగ్గి పోయింది. కంపెనీ డాక్టరు గుండెజబ్బని రాశాడు. ఆ డాక్టరు ఎదురుపడితే కూతాయన ఇప్పటికీ వీధి మారతాడు. భయపడి కాదు, చెయ్యి చేసుకుంటానేమోనని.

ఇంట్లో ఇప్పుడు ముగ్గురు. కొడుకు బొగ్గు బెల్టు మీద టెంపరరీ. నోట్లో నాలుక లేనివాడు. వాడి వంతు నాలుక కూడా కోడలికే ఉంది. ఆమె ఆరోగ్యకేంద్రంలో నర్సు. పొద్దుటినుంచీ పిల్లల ఛాతీల మీద గొట్టం పెట్టి వినడం ఆమె పని. విని విని ఒకరోజు ఊరుకోలేకపోయింది.

శాసనసభలో ఒక బిల్లు పెట్టారు. బొగ్గు బాయిలర్లను వరసగా మూసెయ్యాలి, ఎండతోనూ గాలితోనూ కరెంటు తీసే కేంద్రాలు కట్టాలి, పాత కూలీలకే అక్కడ ముందు పని ఇవ్వాలి. ఇదీ బిల్లు. దాని మీద జనం మాట వినడానికి సభ్యుల కమిటీ ఒకటి ఊరూరా తిరుగుతోంది. కాలనీ హాలుకీ వస్తోంది. కోడలు ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

"పని పోతుందే నర్సమ్మా" అన్నారు మగాళ్ళు.

"పనికి ముందు మీరు పోతారు. మీ ఊపిరితిత్తులు నేను విన్నాను, మీరు వినలేదు" అన్నది కోడలు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే తల్లీ" అన్నది ఎదురింటి టైలరమ్మ.

"ఊరు మంచిదైతే నా నోరూ మంచిదవుతుంది అత్తా."

టైలరమ్మ నవ్వింది. హాలుకి వస్తానంది. ఒకరిని చూసి ఒకరు చాలామంది వస్తామన్నారు.

అప్పటినుంచి మోటారు సైకిలు మొదలైంది.

కోడలు ఆరోగ్యకేంద్రం నుంచి బయల్దేరితే వెనక వస్తుంది. ఆమె ఆగితే ఆగుతుంది. ఇంట్లోకి వెళ్ళాక సందు మొదట్లో నిలబడుతుంది. ఇంజను ఆపరు. ఎవరూ దిగరు. ఎవరూ ఏమీ అనరు. అన్నం తింటుంటే ఆ చప్పుడు గోడలోంచి వినపడేది. కొడుకు ముద్ద మింగలేక నీళ్ళు తాగేవాడు.

"తాటాకు చప్పుళ్ళు మామయ్యా" అనేది కోడలు. అంటూనే వెళ్ళి గడియ సరిగా పడిందో లేదో చూసొచ్చేది. మళ్ళీ చూసొచ్చేది. కూతాయన అది చూసి కంచం ముందునుంచి లేచేవాడు.

"పోనీ మానెయ్యరాదమ్మా" అన్నాడొకసారి.

"మీరు అత్తయ్యతో కూడా ఇలాగే అనుంటారు, దగ్గు మానెయ్యరాదూ అని."

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సభకు ముందురోజు కంట్రోలు రూముకి సిబ్బంది ఆఫీసరు వచ్చాడు. ఆయన్ని వెనకాల తేనె అంటారు. తిట్టినప్పుడు కూడా నాన్నా, తండ్రీ అనే తిడతాడు. పక్క సీటు ఆపరేటర్ని టీ తాగి రమ్మని పంపాడు. కుర్చీ లాక్కుని కూతాయన మోకాళ్ళకు మోకాళ్ళు ఆనేలా కూర్చున్నాడు.

"మీ అబ్బాయి మంచివాడు. ఎన్నాళ్ళని టెంపరరీగా ఉంటాడు?"

కూతాయన మీటర్ల వైపు తిరిగాడు.

"రేపు మధ్యాహ్నం మీ డ్యూటీ. మార్పించాను. మైకులు ఇక్కడిదాకా వినపడతాయి. మీ కోడలు లేచి మాట్లాడటం మొదలెట్టగానే ఒక కూత కొట్టండి. మసి వదలక్కర్లేదు. కూత చాలు."

"మసి లేకుండా కూత కొట్టనండి."

"తెలుసు నాన్నా, అందుకేగా మిమ్మల్ని అడుగుతున్నది. ఇంకెవరు కొట్టినా నమ్మరు." ఆయన గొంతు తగ్గించాడు. "నేను పెద్దమనిషిని, గోటితో పోయేదాన్ని గోటితోనే తీద్దామంటాను. గొడ్డలి పట్టుకునేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు నా మాట వినరు. సందు మొదట్లో బండి ఎవరిదో నాకు నిజంగా తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. మీకు ఒక్కతే కోడలు."

వెళ్తూ భుజం తట్టాడు. ఆ చెయ్యి తీసేశాక కూడా అక్కడ బరువు అలాగే ఉంది.

ఇంటికి వచ్చి కూతాయన చెప్పాలనుకున్నాడు. కోడలు రేపు చెప్పబోయే మాటల్ని కూరగాయలు తరుగుతూ తనలో తను చెప్పుకుంటోంది. ఒకచోట తడబడి, మళ్ళీ మొదలెడుతోంది. బయట ఇంజను గురగురమంటోంది. చెప్తే ఆమె మానదు. మానకపోతే గొడ్డలి. కూత కొడితే సభ చెదిరిపోతుంది, అంతేగా? కోపం వస్తుంది, ఏడుస్తుంది. బతికి ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయినప్పుడు మనిషి లోతు తక్కువదాన్ని వెతుక్కుంటాడు. కూతాయన కూతను వెతుక్కున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కంట్రోలు రూము కిటికీలోంచి హాలు కనపడుతూనే ఉంది. మనుషులు లోపల పట్టక వాకిట్లో కూడా నిలబడ్డారు. అంత జనాన్ని ఆయన ఆ హాలు దగ్గర ఎన్నడూ చూడలేదు. కమిటీ వాళ్ళ కార్లు చెట్టు కింద ఉన్నాయి. మైకులో ఎవరో దగ్గారు. తరవాత, "ఆరోగ్యకేంద్రం నర్సుగారు" అని పిలిచారు.

కోడలి గొంతు వచ్చింది. "అయ్యా, నేను లెక్కలు చెప్పడానికి రాలేదు. మా కాలనీలో కిటికీలు గాలి కోసం కాదు, మూసుకోవడం కోసం పెట్టుకుంటాం…"

తడబడలేదు. ఆయన చెయ్యి కూత పిడి మీద ఉంది. అరచెయ్యి తడిసి పిడి జారుతోంది. రెండు చేతులతో పట్టుకుని లాగాడు. ఒక పొడుగు. ఒక పొట్టి.

పక్క సీటు ఆపరేటరు తలెత్తాడు. "ఇప్పుడు మసి లేదుగా?"

కూతాయన కిటికీలోంచి చూస్తున్నాడు. హాలు పగిలిన గిన్నెలా కారిపోయింది. మగాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, ఎటువాళ్ళటు పరుగు. తిట్టుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ. కమిటీ వాళ్ళు ఏదో పేలుతుందనుకున్నారు. తేనె ఆఫీసరు స్వయంగా కారు తలుపులు తీసి వాళ్ళను ఎక్కిస్తున్నాడు. కార్లు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి. కూతాయన ఆ పరుగులో కోడలి తెల్లచీర కోసం వెతికాడు. కనపడలేదు. మైకు ఇంకా మోగుతోంది. "వెళ్ళొద్దండీ… కూర్చోండి… ఒక్కమాట వినండి…"

మైకు ఆగిపోయింది.

అప్పుడు తట్టింది ఆయనకు. కూతకు పరిగెత్తేది కాలనీ వాళ్ళే. తీగ మీద బట్టలు ఉన్నవాళ్ళు, ఉయ్యాల్లో పిల్లలు ఉన్నవాళ్ళు. ఈ ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళు పరిగెత్తరు. వాకిట్లో సందు మొదట నిలబడే ఆ మోటారు సైకిలు, దాని పక్కన ఇంకొకటి అలాగే ఉన్నాయి. హాలు తలుపు లోపలినుంచి మూసుకుంది.

ఆమెను కాస్తున్నది జనమే. ఆ జనాన్ని తన చేత్తో తనే తోలేశాడు.

"కూతాయనా! సీటు వదిలి ఎక్కడికి? ఉద్యోగం పోతుంది!" అని అరిచాడు ఆపరేటరు.

మెట్లు ఎలా దిగాడో తెలీదు. గేటు దాటాక వీధిలో అరుచుకుంటూ పరిగెత్తాడు. "మసి రాదు! దొంగ కూత! కొట్టింది నేనే! బయటికి రండి!"

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అన్నేళ్ళుగా ఆయన మూయించిన కిటికీలు. లోపల గిన్నెల మూతల చప్పుడు, పిల్లల ఏడుపు. ఆయన గొంతు గోడలకు తగిలి ఆయనకే తిరిగొచ్చింది. తలుపులు బాదాడు. "మసి పడుతుందయ్యా, పో ఇంటికి" అని లోపలినుంచి ఎవరో కసిరారు. చివరికి టైలరమ్మ గుమ్మం మీద కూలబడ్డాడు. ఆమె తలుపు సందులోంచి తొంగి చూసింది.

"ఆకాశం తెల్లగా ఉందేమిటి? మసేది?"

"రాదే. కోడలు ఒక్కతే ఉంది హాల్లో. వాళ్ళతో."

టైలరమ్మ తలుపు తీసింది. కత్తెర చేతిలోనే ఉంది. దాంతోనే బయటికి వచ్చింది. ఇంకెవరూ రాలేదు.

హాలు తలుపు ఇద్దరూ కలిసి బాదారు. లోపల ఏ చప్పుడూ లేదు. అరుపు వినపడినా బాగుండును అనిపించింది కూతాయనకు. చాలాసేపటికి గడియ తీశారు.

లోపల కుర్చీలన్నీ పడిపోయి ఉన్నాయి. మధ్యలో ఒక కుర్చీలో కోడలు. ఆమె చుట్టూ కుర్చీలు వేసుకుని, మోకాళ్ళు ఆనేంత దగ్గరగా ముగ్గురు. కొట్టలేదు. తాకలేదు. ఏమీ అనలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నారు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదవులు కదుపుతూ, చెప్పాల్సిన మాటల్ని గొంతు లేకుండా చెప్పుకుంటోంది.

ముగ్గురూ లేచారు. పెద్దవాడు తలుపు దగ్గర ఆగి కోడలి వైపు తిరిగాడు.

"మీ మామగారు తెలివైనవాడమ్మా. మాకు పని తగ్గించాడు. రెండోసారి ఇంత తేలిగ్గా ఉండదు."

మోటారు సైకిళ్ళు వెళ్ళిపోయాయి. టైలరమ్మ కత్తెర కింద పెట్టి కోడలి వీపు నిమరబోయింది. ఆమె చెయ్యి తోసేసింది. కూతాయన వైపు చూసింది.

"మీరే కొట్టారా?"

"నిన్ను చంపుతారనుకున్నానమ్మా. భయమేసింది."

"నాకు వెయ్యలేదనుకున్నారా? నిన్నటినుంచీ కడుపులో నీళ్ళు నిలవలేదు. నేను లేచి వెళ్ళిపోయానా?"

ఆయన పడిపోయిన కుర్చీ ఒకటి లేపి నిలబెట్టాడు.

"మన ఊళ్ళో ఎవరూ నిలబడి మాట్లాడలేదని రాసుకుంటారు కమిటీ వాళ్ళు" అన్నది కోడలు. "రేపు పక్క ఊళ్ళో కూర్చుంటారు. ఎందుకు నిలబడలేదో మీరు వచ్చి చెప్పండి. ఎవరు కొట్టమన్నారో చెప్పండి."

"నావల్ల కాదమ్మా. అబ్బాయి ఉద్యోగం… వాళ్ళు…"

"కూత మీవల్ల అయింది."

ఇంటిదాకా ఆమె టైలరమ్మతో నడిచింది, ఆయనతో కాదు. అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. కొడుకు సంగతంతా విని గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"వెళ్ళకు నాన్నా" అన్నాడు చివరికి. "నా ఉద్యోగం కోసం అంటున్నానని అనుకో. అదీ ఉంది. కానీ నాకు మీ ఇద్దరి కోసం భయంగా ఉంది."

"ఈ భయంతోనేరా దాన్ని వాళ్ళకు అప్పజెప్పాను" అన్నాడు కూతాయన.

మర్నాడు బస్సులో కోడలు కిటికీ పక్క కూర్చుంది. ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె ఆయన్ని రమ్మని మళ్ళీ పిలవలేదు, రావద్దనీ అనలేదు. బస్సు కదలబోతుంటే నిన్నటి ముగ్గురిలో ఇద్దరు ఎక్కి వెనక సీట్లో కూర్చున్నారు. వాళ్ళను చూసి కోడలు చీర కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆయన బస్సు తలుపు వైపు చూశాడు. దిగిపోవచ్చు. ఇంకా బస్సు కదల్లేదు.

కదిలింది.

కండక్టరు వచ్చాడు. "ఎక్కడికి పెద్దాయనా?"

ఆయన ఏదో అన్నాడు.

"ఎక్కడికీ? వినపడలా."

"పక్క ఊరికి. రెండు" అన్నాడు. కండక్టరు చిల్లర వెతుకుతుంటే ఆగాడు. ఆగి, వెనక సీటుదాకా వినపడేలా చెప్పాడు. "శాసనసభ కమిటీ దగ్గరికి. నేను సాక్ష్యం చెప్పాలి."

వెనక సీట్లో ఎవరో లేచి ముందుకు వస్తున్న చెప్పుల చప్పుడు. సరిగ్గా ఆయన వెనక సీటు కిర్రుమంది. మెడ మీద ఎవరి ఊపిరో తగులుతోంది. కూతాయన టికెట్లు తీసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. దిగిపోనూ లేదు.