గోధుమ తగలని బిళ్ళలు

"చెయ్యి ఆపబాకే. ఆపినావంటే కూలిపోతది" అన్నాడు మాలకొండయ్య, పొయ్యిలో కొరివి తీసి బీడీ ముట్టించుకుంటూ.

కోటమ్మ ఆపలేదు. ఒడిలో రాగి గిన్నె, గిన్నెలో ఆరు గుడ్ల తెల్లసొన, చేతిలో ఈతపుల్లల కట్ట. దొరసాని ఇచ్చిన తీగల కవ్వం రెండోరోజే విరిగిపోతే, విరగ్గొట్టింది నువ్వేనని మొగుడు తిడుతుండగానే పోయి పుల్లలు చీల్చి కట్ట కట్టుకుంది. కుడి భుజం మొద్దుబారి చాలాసేపయింది. మొదట చీమిడిలా జారిన సొన బుడగలై, బుడగలు చిన్నవై, తెల్లబడి, ఇప్పుడు ఏకిన దూదిలా లేచి నిలబడుతోంది. ఎదురుగా అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చున్న మొగుడి పని, చెయ్యి ఆపొద్దని ఆమెకు చెప్పడం. ఆ పనిని అతను ఒక్క నిమిషం కూడా ఆపలేదు.

కొత్త రాష్ట్రం వచ్చి రెండేళ్ళు. కర్నూలు రాజధాని అయింది కాబట్టి ఇక మార్కాపురం తాలూకా అంతా నీళ్ళే నీళ్ళన్నారు. నీళ్ళకన్నా ముందు బోరు దొర వచ్చాడు. అమెరికా నుంచి ఓడలో తెచ్చిన మిషనుతో భూమికి బెజ్జం వేస్తాడాయన. కొనకనమిట్ల దగ్గర వేసిన బెజ్జం దిగి దిగి అవతలి పక్కన వాళ్ళ దేశంలోనే తేలిందనీ, అందులోంచి దొర మామగారు "అల్లుడూ, కులాసానా?" అని కేకేశాడనీ టీ దుకాణంలో చెప్పుకున్నారు. నీళ్ళు మాత్రం ఇంకా పడలేదు. దొర, దొరసాని, ఏడేళ్ళ కూతురు రూతు పాప పలకల గనుల దారిలో ఉన్న బంగళాలో ఉంటారు. మాలకొండయ్య ఆ ఇంటి వంటవాడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, దొనకొండలో రైలు దొరల ఇళ్ళలో అంట్లు తోమి, ముప్పై ఇంగ్లీషు మాటలు పట్టుకొచ్చాడు. ఆ ముప్పై మాటలకు జీతం ఉంది. వంట చేసేది కోటమ్మ. వెనక తలుపున వస్తుంది, వెనక తలుపున పోతుంది. "ఆడోళ్ళు ముందు గదుల్లోకి రాగూడదు. దొరసానికి గిట్టదు" అని మొదటిరోజే చెప్పాడు.

రూతు పాపకు గోధుమ పడదు. చిటికెడు పిండి తగిలినా పొట్ట తబలాలా ఉబ్బుతుంది, వారాల తరబడి విరేచనాలు. నిరుడు ఎవరింట్లోనో ఒక్క బిస్కత్తు తిని చావు తప్పించుకుందట. ఈ సంగతి విని కోటమ్మ అత్త పోలేరమ్మ బుగ్గ నొక్కుకుంది. "గోదుమ పడని జబ్బంటనా? మాకు పుట్టినకాడ్నించీ గోదుమ దొరకని జబ్బు. దానికి ఏ డాక్టరూ రాలా" అంది. వచ్చే సోమవారం దొరలకు దయ్యాల పండగ. పిల్లలందరూ దయ్యాల వేషం వేసి మిఠాయిలు తింటారు. తన కూతురు ఒక మూల కూర్చుని మిగతా పిల్లల నోళ్ళు చూడకూడదని, ఈసారి అందరికీ ఒకటే మిఠాయి, పిండి తగలనిది, చేయించాలని దొరసాని పట్టుబట్టింది. తెల్లసొనా చక్కెరా కొట్టి, దయ్యం బొమ్మల్లా పోసి, సన్నసెగన ఆరబెట్టిన నురగ బిళ్ళలు. మిరియాలు రెండు గుచ్చితే కళ్ళు.

మొదటి మూడుసార్లూ కోటమ్మకు రాలేదు. ఇంట్లో అలవాటు కొద్దీ మజ్జిగ చిలికే కుండలోనే సొన పోసి కవ్వంతో తిప్పింది. ఎంత తిప్పినా పులుసు పులుసుగానే ఉండిపోయింది. "పద్దెనిమిది గుడ్లు మట్టి చేసినావు, మీ నాయన పంపిస్తాడా?" అన్నాడు మొగుడు. ఆమె ఏడవలేదు, ఆలోచించింది. ఆ కుండ ఇరవై ఏళ్ళుగా వెన్న తాగింది. జిడ్డున్నచోట నురగ నిలవడం లేదు కాబోలు అనుకుని రాగి గిన్నెను చింతపండూ ఉప్పూ వేసి తోమి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించి, అప్పుడు కొట్టింది. నురగ లేచింది. తర్వాత రేకు పెట్టె కిందా పైనా నిప్పులు పోసి, మాడకుండా వాటి మీద బూడిద కప్పింది. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు మాలకొండయ్య నిద్రపోతున్నాడు.

బిళ్ళలు ఆరాక అతను లేచి, వాటిని పళ్ళెంలో సర్దుకుని, భుజాన తువ్వాలు సవరించుకుని ముందు గదిలోకి పోయాడు. లోపల్నుంచి దొరసాని కేక, రూతు పాప చప్పట్లు. కోటమ్మ నడుం వంచుకునే ఆగి వింది.

"ఏమన్నది?" అని అడిగింది, అతను తిరిగిరాగానే.

"ఏమంటది? గిన్నెలు సరిగ్గా తోమట్లేదన్నది."

కోటమ్మ గిన్నెలన్నీ మళ్ళీ బావి దగ్గరకు మోసుకుపోయి తోమింది.

ఆదివారం మధ్యాహ్నం దొర దగ్గర గుమాస్తాగా ఉన్న జ్ఞానయ్య మంచినీళ్ళకని వెనక వాకిట్లోకి వచ్చాడు. ఇంగ్లీషు చదువుకున్న మనిషి. కోటమ్మను చెల్లెలి వరస కలిపి పిలుస్తాడు.

"మీ ఆయన చేతిలో ఏం మహిమ ఉందో గానీ చెల్లెమ్మా, దొరసాని ఒకటే పొగడటం. ఇట్లాంటివి వాళ్ళమ్మ గూడా చేయలేదంట. రేపు చుట్టాలందరి ముందరా మాలకొండయ్యను కూర్చోబెట్టి కొట్టించి చూపిస్తానంటున్నది."

"గిన్నెలు బాగలేవనలేదా అన్నా?"

"గిన్నెలా? ఆ ఊసే లేదే. వంటింట్లో పనిచేసే ఆమెను ఒకసారి చూడాలని ఎన్నిసార్లు అడిగినా, ఆమెకు సిగ్గు, ముందుకు రాదని మీ ఆయనే చెప్పినాడు."

జ్ఞానయ్య నీళ్ళు తాగి చెంబు బోర్లించి పోయాడు. కోటమ్మ అక్కడే నిలబడిపోయింది. ఈ ఇంట్లో వంట చేయబట్టి ఎనిమిది నెలలు. కూర మాడిందన్నది ఎవరు? చీర మాసింది, కిటికీ దగ్గరకు రావొద్దన్నది ఎవరు? నీ చేతిలో శుభ్రం లేదన్నది ఎవరు? ఆ రోజు ఇంటికి పోయి చేతులు బూడిదతో రుద్ది రుద్ది తోలు లేపుకుందే, ఆ మాట ఏ నోటిది? ముందు గదిలోంచి వచ్చిన మాట ప్రతిదీ ఒకే తలుపున, ఒకే నోటిలోంచి వచ్చింది. ఆ నోటికి అన్నం పెడుతున్నది తనే. ఎనిమిది నెలలుగా ఆ తెల్లమనిషిని మనసులో తిట్టుకుంది. దుత్తలోని మీగడ తీసినట్టు, వచ్చిన మంచిమాటంతా పైపైన తీసుకుని తిని, అడుగున మిగిలిన పులుపు తెచ్చి తన ముందు పెట్టాడు మొగుడు. జీతం తీసుకున్నాడు, పోనీ, ఇల్లు నడవాలి అనుకుంది. పేరు తీసుకున్నాడు, పోనీ, మగవాడు అనుకుంది. ఒక్క మంచిమాట, దానికి ఖర్చేముంది? దాన్నీ ఇంటిదాకా రానివ్వలేదు. టీ దుకాణంలో మాత్రం మాలకొండయ్య, తానే నురగ కొడుతుంటే ఆ గాలికి బంగళా మీది కాకులు కంభం దాకా కొట్టుకుపోయాయని చెప్పుకున్నాడట. భుజం నొప్పికి వావిలాకు కాపడం పెట్టుకున్న ఆమె ఎదుటే అత్త ఆ కథ చెప్పి మురిసిపోయింది: "నా కొడుకు చెయ్యంటే చెయ్యి!"

సోమవారం పొద్దున మాలకొండయ్య తలకు నూనె రాసుకుని, ఉట్టి మీది మజ్జిగకుండ దించి, కవ్వం చంకన పెట్టుకున్నాడు.

"రాగి గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆడదాని మాదిరి కూర్చుంటే ఏం బాగుంటది? కవ్వానికి తాడేసి చిలికితే చూసేదానికి దర్జాగా ఉంటది. నీకు చేతగాలేదు గానీ, గొల్లోళ్ళకు నురగ తీయడం ఒకరు నేర్పాల్నా?" అన్నాడు. "నువ్వు బంగళాకు నీళ్ళు మోసి ఇంటికి పో. ఇయ్యాల నీతో పన్లేదు."

చెప్పాలా? నాలుక చివరదాకా వచ్చింది. ఆ కుండలో రాదయ్యా, అని ఒక్క మాట. కోటమ్మ ఆ మాటను మింగేసింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అతనికి తెలియనివ్వకుండా ఆమె దాచుకున్న మొదటి వస్తువు అది.

పొద్దు వాలుతుండగా దొనకొండ నుంచి రైలు దొరల కుటుంబాలు దిగాయి. పిల్లలు దుప్పట్లు కప్పుకుని, కళ్ళకు రంధ్రాలు చేసుకుని గంతులేస్తున్నారు. కోటమ్మ ఆఖరి బిందె దించి పోబోతూ గోడ వార ఆగింది. ముందు వసారాలో మాలకొండయ్య కవ్వం లాగుతున్నాడు. మొదట చప్పట్లు కొట్టారు. కాసేపటికి చప్పట్లు ఆగాయి. ఇంకాసేపటికి ఎవరో నవ్వారు. కుండలో గంజిలాంటి నీళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి. మొగుడి చొక్కా వీపంతా తడిసింది. కోటమ్మకు లోపల ఎక్కడో చల్లబడింది. సిగ్గు పడలేదు. ఇంకా లాగు, చెయ్యి ఆపబాక, అనుకుంది.

అతను ఏదో ఇంగ్లీషులో సర్దిచెప్పి కుండ ఎత్తుకుని వంటింట్లోకి ఉరికొచ్చాడు. చక్కెర డబ్బా మొత్తం కుండలో కుమ్మరించాడు. గట్టిపడలేదు. అలమర తెరిచి, దొరకు రొట్టెలు చేసే మైదా డబ్బా తీసి, దోసిలి నిండా తీసుకుని వేశాడు. ఇంకో దోసిలి. పిసికి, బొమ్మలు చేసి, రేకు పెట్టెలో పెట్టి, బూడిద లేని కణకణలాడే నిప్పులు పోశాడు.

"అది గోదుమ పిండి" అంది కోటమ్మ, వెనక తలుపున లోపలికొచ్చి.

"తెలుసులే."

"ఆ పిల్ల తింటది."

"రవ్వంత. రవ్వంతకు ఏం గాదు. నోరు మూసుకో. ఏమన్నా అయితే తెలవక నువ్వు కలిపినావని చెప్తా. ఆడదానివి, నిన్నేమంటారు?"

నవ్వులాటకు అనలేదు. లెక్క తేల్చుకున్న మనిషిలా నింపాదిగా అన్నాడు. పెట్టె తెరిచి, ఎర్రగా కాలిన ముద్దల మీద చక్కెర పొడి జల్లి, పళ్ళెంలో పేర్చుకుని పోయాడు. కుండ సంగతి చెప్పకుండా కోటమ్మ మింగిన మాట ఇంత దూరం వచ్చింది. మొగుడి పరువు పోవాలనుకుంది, పోతే పోయింది. పిల్ల ప్రాణం పోవాలనుకోలేదు.

ఆమె ముందు గదిలోకి నడిచింది. నున్నటి నేల మీద తడికాళ్ళ ముద్రలు పడుతున్నాయి. అద్దాల బీరువా, గోడ మీది బొమ్మలు, ఎనిమిది నెలలుగా ఆమె చూడని గది. వసారాలో అందరికన్నా పొట్టి దయ్యం దుప్పట్లోంచి చెయ్యి బయటకు చాచి పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకుంది. దాన్ని నోటి దగ్గరకు తీసుకుపోతుండగా కోటమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ముద్ద లాక్కుంది. మొగుడి చేతిలోని పళ్ళెం కూడా లాగి నేలకేసి కొట్టింది.

రూతు పాప దుప్పటి తీసేసి ఏడుపు మొదలుపెట్టింది. దొరసాని ఎర్రబడ్డ ముఖంతో ఏదో అడిగింది. మాలకొండయ్య తన ముప్పై మాటల్లో ఇరవై వాడేశాడు, కోటమ్మ వైపు వేలు చూపిస్తూ.

జ్ఞానయ్య ఇబ్బందిగా దగ్గరికి వచ్చాడు. "చెల్లెమ్మా, దాంట్లో నువ్వే గోదుమ పిండి కలిపినావంటగదా? తెలవక కలిపినావని, క్షమించమని మీ ఆయన అంటున్నాడు."

మాలకొండయ్య తెలుగులో, నవ్వు ముఖం పెట్టుకునే, పళ్ళ సందుల్లోంచి అన్నాడు: "అవునను. తలకాయ ఊపు. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

పన్నెండేళ్ళుగా ఊపిన తలే. దానికి ఊగడం తప్ప ఇంకోటి తెలియదనుకున్నాడు.

"అన్నా, నేను చెప్పింది చెప్పినట్టు చెప్తావా? ఒక్క మాట తగ్గించగూడదు, కలపగూడదు" అంది కోటమ్మ.

"చెప్తా."

"పిండి కలిపింది ఆయన. నేను చూసినా. ఇన్నాళ్ళూ బిళ్ళలు చేసింది నేను. నమ్మకపోతే ఇద్దరికీ చెరి నాలుగు గుడ్లు ఇయ్యమను. ఈడనే, అందరి ముందరే కొడతాం."

జ్ఞానయ్య చెప్పాడు. దొరసాని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, గుడ్లు తెప్పించింది. మాలకొండయ్య చేతులు కట్టుకుని, ఆడదానితో పందెమేందని గొణిగి, తన గుడ్లు ముట్టుకోలేదు. కోటమ్మ రాగి గిన్నె తెచ్చుకుని వసారా మధ్యలో కూర్చుంది. భుజం మొదటి దెబ్బకే కేకేసింది. ఆమె దాని మాట వినలేదు. గిన్నెలు బాగలేవు, ఒక దెబ్బ. చీర మాసింది, ఒక దెబ్బ. నీ చేతిలో శుభ్రం లేదు, ఇంకో దెబ్బ. తెలవక కలిపింది, ఆడది, ఏమంటారు. రూతు పాప ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుంటూ గిన్నె దగ్గరికి జరిగింది. సొన తెల్లబడింది, లేచింది, కొన తిరిగింది. చక్కెర పొడి చిటికెలు చిటికెలుగా పడింది.

కోటమ్మ గిన్నె పట్టుకుని లేచి, మొగుడి ఎదుట నిలబడింది.

"కదలబాక" అంది.

నూనె రాసి దువ్విన అతని తల మీదికి గిన్నె ఎత్తి, తలకిందులుగా తిప్పింది. మాలకొండయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పిల్లలు ఊపిరి బిగబట్టారు. నురగ గిన్నెకు అతుక్కుని అలాగే నిలిచింది, ఒక్క చుక్క జారలేదు. చప్పట్లు మోగాయి. దొరసాని ఆమె మోచెయ్యి పట్టుకుని గబగబా ఏదో అంటోంది, కళ్ళల్లో నీళ్ళు. జ్ఞానయ్య తెలుగు చేయడానికి నోరు తెరిచాడు.

"ఉండన్నా, వింటా. అంతా వింటా. ముందు పిల్లలకు ఆకలి" అంది కోటమ్మ.

గిన్నె తీసుకుని వంటింట్లోకి నడిచింది. మాలకొండయ్య వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంటికి పోయాక ఏం జరుగుతుందో, అత్త ఏమంటుందో, చెయ్యి ఎటునుంచి లేస్తుందో ఆమెకు తెలుసు. రేకు పెట్టె చుట్టూ నిప్పులు ఇంకా ఎర్రగా మండుతున్నాయి.

"ఏం చూస్తున్నావు? నిప్పులు తియ్యి" అంది, అతని వైపు తిరగకుండానే.

వెనక పట్టకారు చప్పుడైంది.