పిడికి కట్టిన గుడ్డ

తారు అంటిన ప్యాంటును కిరోసిన్‌తో రుద్దుతుంటే వంటింట్లోంచి మా అత్తగారు కేకేసింది. "మరీ అంత గట్టిగా రుద్దకు, చిరుగుతుంది. అసలే నిన్నటి నుంచి వాడు బెదిరిపోయి ఉన్నాడు!"

బెదిరింది మా మరిది. పాదం నుజ్జయింది ఇంకొకామెది. ఆమె ఎలా ఉందని ఈ ఇంట్లో ఒక్కరు నోరు తెరిచి అడిగితే ఒట్టు.

మాది రోడ్డు మీద గుంతలు పూడ్చే ముఠా. మా ఆయన మేస్త్రీ. గుంతలో తారు కంకర పోసి, వెనక నడుస్తూ తోలే చిన్న రోలర్‌తో అణచాలి. దాన్ని తోలడానికి లైసెన్సు కార్డు ఉండాలి. మా మరిది రెండుసార్లు పరీక్షకు వెళ్ళాడు. "చేతి పిడి ఎప్పుడు వదలాలి?" అని అడిగితే, "చెయ్యి నొప్పెడితే" అన్నాడట మహానుభావుడు. ఇక గతిలేక నన్ను పంపారు. మూడు వారాలు నేర్చుకుని మొదటిసారే నెగ్గాను. నా ఫొటో ఉన్న కార్డు మెడలో వేసుకుని ఇంటికొస్తే మా ఆయన తిప్పి చూసి, "హమ్మయ్య, ఇక పేచీ లేదు. రోలర్ వాడు తోలతాడు, కార్డు నీ మెళ్ళో ఉంటుంది. నువ్వు జెండా పట్టుకో" అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

అప్పటి నుంచి చీకటితో లేచి అందరికీ వండి, డబ్బాలు సర్ది, ఎండలో ఎర్రజెండా, పచ్చజెండా మార్చిమార్చి ఊపుతూ, బండ్లవాళ్ళ తిట్లు తింటూ, మధ్యలో అందరికీ టీలు పోస్తూ నిలబడ్డాను. "జెండా ఊపడం కూడా ఒక పనేనా? ఒళ్ళు అలవకుండా గడిచిపోతోంది నీకు" అనేవాడు మా ఆయన, ఇంటికి రాగానే కాళ్ళు చాపుకుని. కానీ రోజూ పొద్దున రోలర్‌ను పరీక్షించి 'అన్నీ సరిగా ఉన్నాయి' అని రిజిస్టర్లో సంతకం చేయడానికి మాత్రం నేనే కావాలి.

ఆ రోలర్ పిడి మీద నుంచి చెయ్యి తీస్తే బండి టక్కున ఆగిపోవాలి. మనిషి ప్రాణానికి అదే కాపలా. మా మరిదికి అస్తమానం దాన్ని నొక్కి పట్టుకోవడం విసుగు. గుడ్డ పీలికతో బిగించి కట్టేశాడు. మొదటిరోజు చూసి విప్పేశాను. "ఏంటొదినా, ఇంజనీరువైపోయావా?" అని నవ్వాడు. ముఠా అంతా నవ్వింది. "వాడికి తెలుసులే, నువ్వు సంతకం పెట్టు" అన్నాడు మా ఆయన. పెట్టాను. ఇంటికెళ్ళాక సాధిస్తారని భయపడి ఏడు నెలలు పెట్టాను.

నిన్న ఫోన్ మోగగానే మా మరిది రోలర్‌ను దాని మానాన వదిలేసి పక్కకు పోయాడు. అది ఆగలేదు. కంకర సర్దే ఆవిడ, మేమంతా పారక్క అని పిలుస్తాం, అటు తిరిగి వంగి ఉంది. నేను అరిచాను. ఆ మోతలో వినపడలేదు. జెండా పారేసి పరిగెత్తి రోలర్‌ను ఆపే ఎర్ర బటన్ నొక్కేసరికే పాదం మీద నుంచి వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా మావాళ్ళు కథ అల్లేశారు. "తోలింది నువ్వేనని చెప్పు. కార్డు నీదేగా! చూసుకోకుండా కాలు పెట్టింది తనేనని ఆస్పత్రిలో పారక్కను నమ్మించాను. మందుల మత్తులో సరేనంది" అన్నాడు మా ఆయన. "ఇంటి గుట్టు వీధికెక్కించే ఆడది ఇల్లు నిలబెడుతుందా?" అంది అత్తగారు. మరిది కూర మారు వడ్డించమని కంచం జరిపాడు. ఆ కంచం వాడి మొహాన కొట్టాలనిపించింది. వడ్డించాను.

ప్యాంటు ఆరేసి పనిచోటికి వెళ్ళేసరికి విచారణకు ఆఫీసరు వచ్చి ఉన్నాడు. రిజిస్టరు తెరిచి, "రోలర్ తోలింది ఎవరమ్మా?" అని అడిగాడు. మా ఆయన నా వైపు కళ్ళెర్రజేశాడు.

"మా మరిది సార్. కార్డు లేదు. పిడికి గుడ్డ కట్టిందీ అతనే. చూసీ ఊరుకుంది మా ఆయన. అది తెలిసి కూడా అన్నీ సరిగా ఉన్నాయని సంతకాలు పెట్టింది నేను."

"అయితే నీ కార్డు కూడా పోతుంది. తెలుసా?"

"తెలుసు సార్."

మెడలోంచి తీస్తుంటే ఏడుపు తన్నుకొచ్చింది. పుట్టింటివాళ్ళు పెట్టనిది, అత్తింటివాళ్ళు ఇవ్వనిది, నేనుగా సంపాదించుకున్నది అదొక్కటే. అయినా ఇచ్చేశాను.

ఆఫీసరు అటు వెళ్ళగానే మా ఆయన పళ్ళు నూరుతూ దగ్గరకొచ్చాడు. "ఇంటికి రా, నీ సంగతి చెప్తా."

"ఆలస్యమవుతుంది. అన్నం మీరే వండుకోండి" అన్నాను. "ఆస్పత్రికి వెళ్తున్నా. తప్పు తనదేనని మీరు నమ్మించారుగా పారక్కని. కాదని చెప్పాలి. మన మీద కేసు పెట్టమని, మొదటి సాక్షిని నేనేనని కూడా చెప్పాలి."