పాణి బంద్

"ఆంటీ, నిన్నటి నుంచి పాప పాణి బంద్," అన్నాడు ఫోన్లో కోచ్ దేబాశిష్.

రాయగడ ఆసుపత్రి వార్డులో ఇంజక్షన్ల ట్రే పట్టుకుని నిలబడ్డ ఫ్లోరాకి గుండెల మీంచి బండ దించినట్టయింది. కోరాపుట్ కుస్తీ శిబిరంలో ఉన్న కూతురు ఎవాంజెలిన్‌కి నాలుగు నెలలుగా నెలసరి లేదు. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టే. కసరత్తు ఎక్కువ, తిండి తక్కువ అని నర్సుకి ఒకరు చెప్పాలా? కాస్త పని తగ్గించమని అతన్ని క్రిస్మస్ నుంచీ బతిమాలుతోంది. ఇన్నాళ్ళకి విన్నాడు.

దేబాశిష్ ఒడియావాడైనా తెలుగువాళ్ళతో తెలుగే మాట్లాడాలని పట్టుదల. అతని నోట్లో 'పని' ఎప్పుడూ సాగి 'పాణి' అయ్యేది. "చాలా పాణి ఉంది ఆంటీ" అంటే నవ్వుకునేది ఫ్లోరా.

"మంచిది బాబూ. ఎల్లుండి పోటీ దాకా పూర్తిగా మాన్పించెయ్. అది అడిగినా ఒప్పుకోకు."

"చూశారా, ఆంటీ కూడా సరే అంది!" అవతల ఎవరికో చెప్పాడు దేబాశిష్.

మర్నాడు వీడియో కాల్లో కూతురి మొహం చూసి ఫ్లోరా కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏటే అమ్మీ, ఆ పెదాలేటి అలా పగిలిపోయేయి?"

"సలికమ్మా."

"ఏప్రిల్లో సలేటే?"

"ఇది కోరాపుట్ అమ్మా, నీ రాయగడ కాదు. బుల్లికీ పగిలేయి." బుల్లి అంటే శిబిరంలో దాని గదిలో తోడుండే పిల్ల. ఇద్దరిదీ యాభై కిలోల విభాగమే.

మాట్లాడుతూనే ఎవాంజెలిన్ చేతిలోని కప్పులో ఉమ్మింది. కాసేపాగి మళ్ళీ ఉమ్మింది.

"ఏటది?"

"బబుల్‌గమ్," అని ఫోన్ పెట్టేసింది.

పోటీ రోజు పొద్దున్నే కూతురికి ఇష్టమైన చేపల పులుసు క్యారియర్‌లో సర్దుకుని ఫ్లోరా కోరాపుట్ రైలెక్కింది. లక్ష్మీపూర్‌లో రైలాగింది. కిటికీ పక్కగా సీసాల బుట్టతో ఒకడు అరుస్తూ పోయాడు.

"పాణీ! థండా పాణీ!"

ఫ్లోరా ఒళ్ళో క్యారియర్ జారి కింద పడింది.

ముప్పై ఏళ్ళుగా రోగుల నోట రోజుకి వందసార్లు వింటున్న మాట. పాణి అంటే మంచినీళ్ళు. యాభై కిలోలు దాటకుండా పిల్ల ఒంట్లో నీళ్ళు పిండేస్తున్నాడు. పగిలిన పెదాలు, ఉమ్మే కప్పు, తాను స్వయంగా ఇచ్చిన అనుమతి, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. అది అడిగినా ఒప్పుకోకు.

కూతురి ఫోన్ స్విచాఫ్. దేబాశిష్‌దీ అంతే. కొండల్లో సొరంగం తర్వాత సొరంగం. రైలు నత్తలా పాకుతోంది.

పోటీల మైదానం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండలో అద్దాలన్నీ బిగించిన కారు ఒకటి. పక్కన గొడుగు నీడలో స్టాప్‌వాచ్ చూసుకుంటూ దేబాశిష్.

"ఇంకో మూడొందల గ్రాములే తగ్గాలి ఆంటీ. మూడింటికి తూకం. తలుపు తీస్తే వేడి మొత్తం పోతుంది. మీరే కదా ఒప్పుకోవద్దన్నారు!"

ఫ్లోరా రాయి అందుకుంది. అద్దం పగిలింది.

ముందు సీట్లో రెండు రెయిన్‌కోట్లలో ఎవాంజెలిన్. ఒళ్ళు నిప్పులా కాలుతోంది, చర్మం మీద చుక్క చెమట లేదు. మణికట్టు కింద నాడి పరిగెత్తి ఆగి మళ్ళీ పరిగెడుతోంది. తన సంచిలోని నీళ్ళ సీసా నోటికి ఆనిస్తే పిల్ల పళ్ళు బిగించింది.

"వద్దమ్మా... బరువు..."

"తాగే. అయ్యో, నాదే తప్పు. తాగే నా తల్లీ!"

ఒక గుక్క దిగింది. తర్వాత ఇంకొకటి. ఎవాంజెలిన్ వేలితో వెనక సీటు చూపించింది.

"బుల్లికీ సెప్పమ్మా. తాగొచ్చని సెప్పు. పొద్దున్నుంచి అదే అడుగుతంది."

వెనక సీట్లో మూడు దుప్పట్ల కుప్ప.

"బుల్లీ," అని పిలిచింది ఫ్లోరా. "బుల్లమ్మీ!"

బయట దేబాశిష్ చేతిలో స్టాప్‌వాచ్ ఇంకా నడుస్తోంది. దుప్పట్లు కదల్లేదు.