ఆమె వంతు మాటలు

కథ మొదలుపెట్టిన రోజు నా చేతిలో ఉన్న సరుకు ఇంతే: ముప్పై ఒక్కేళ్ళ కాపురం తాలూకు జ్ఞాపకాలు, సగం వాడిన పొడుగు నోటుబుక్కు ఒకటి. నా భార్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు. నాది ఇనుప సామాను కొట్టు. మేకులు, బందులు, గడియలు, తాళాలు. ఎదుటివాడు నోరు తెరిస్తే వాడికేం కావాలో పట్టేసే చెవి నాది. ఆ చెవి ఉండగా కథ రాయడం ఎంత పని అనుకున్నాను. ఆమెను కాగితం మీదకు తెచ్చుకుంటే ఇంట్లో మళ్ళీ ఆమె మాట వినొచ్చని ఆశ.

పన్నెండు పేజీలు రాసి మరదలికిచ్చాను. బడిలో పాఠాలు చెబుతుంది. మా వంటింటి బల్ల దగ్గర ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది.

"మొదటి పేజీ అంతా వానే బావగారూ. గొడుగు వేసుకుని చదవాల్సొచ్చింది."

"వాన పడితే కథకు బరువొస్తుందనుకున్నాను."

"వచ్చింది. చెమ్మ బరువు. ఈ వడ్రంగి ఉన్నాడే, గడియ కొనడానికొచ్చి అరగంట సేపు అల్లుణ్ణి తిట్టిపోసినవాడు, అతను మాత్రం వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు." పేజీ తిప్పి ఆగింది. "అక్క రాలేదు."

"ప్రతి పేజీలోనూ ఉందిగా."

"ఇది చూడండి. 'బతుకన్నాక లాభనష్టాలు రెండూ చూసుకోవాలండీ' అంటోంది. అక్క ఎప్పుడన్నా ఇలా మాట్లాడిందా? మాట్లాడేది మీరే. కొత్తగా రాసేవాళ్ళు అందరి నోటా తమ మాటలే పలికిస్తారు. పోనీ, అక్క మీతో అన్న మాట ఒక్కటి చెప్పండి, ఉన్నదున్నట్టు."

నోరు తెరిచాను. నా భార్య రోజూ మధ్యాహ్నం కొట్టుకు క్యారేజీ తెచ్చి, కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుని ఏదో చెబుతుండేది. నేనన్నవన్నీ గుర్తున్నాయి. ఊఁ. అసలు సంగతి చెప్పు. ఆగు, గిరాకీ వచ్చింది. ఆమె వంతు మాత్రం ఖాళీ. ఆ వడ్రంగి అల్లుడు ఏ ఊళ్ళో ఏం పని చేసేవాడో అడిగితే ఇప్పటికీ చెప్పగలను.

"నాతో అన్నవి బోలెడున్నాయి. చెప్పనా?" అంది మరదలు గొంతు తగ్గించి.

"వద్దమ్మా. అవి నీకు చెప్పినవి."

మరదలు వెళ్ళాక నోటుబుక్కు ముందేసుకుని వెతుక్కున్నాను. నా భార్య అన్న మాట ఒకటి దొరికింది. ఆస్పత్రిలో చేరే ముందు రోజు, కొట్లోనే. ఏదో మొదలుపెట్టింది. ఈలోగా ఎవరో తాళం అడిగారు. ఇచ్చి తిరిగేసరికి ఖాళీ క్యారేజీ సర్దుకుంటోంది.

"ఏదో అంటున్నావు?"

"ఏం లేదు లెండి. పెద్ద మాటేం కాదు."

పన్నెండు పేజీలూ చించేశాను. కొత్త పేజీలో ఆ మాట ఒక్కటే రాసుకున్నాను. పైకి చదివితే ఆమె గొంతే. చెప్పబోయిందేమిటో మాత్రం అందులో లేదు. నాకు మిగిలింది అదే.