లారీ వెనక పచ్చ సైకిల్

శంకర్రావుకు ఐదు సైకిళ్లు. ఉన్నవి రెండు కాళ్లు, ఐదు సైకిళ్లెందుకయ్యా అని ఆ కామాఠిపుర గల్లీలో అతన్ని అడగనివాళ్లు లేరు. మనుషులు కాళ్లు చాపుకోవడానికే చోటు లేని ఇరుకు గదుల చాల్‌లో, గదుల ముందు వసారాలా సాగే గ్యాలరీ దూలాలకు కప్పీలు బిగించి, తాళ్లతో నాలుగు సైకిళ్లను పైకి లాగి వేలాడదీశాడు. ఐదోది, పచ్చది, గదిలోనే ఉండేది. మంచం పక్కన గోడకు ఆనుకుని, పాత దుప్పటి కప్పుకుని.

"నన్ను గ్యాలరీల ఏలాడగట్టి, దాన్ని మంచమ్మీద పండబెట్టుకోరాదూ," అనేది భార్య రత్నాబాయి.

అతను మున్సిపాలిటీ నీళ్ల శాఖలో పైపుల ఫిట్టరు. సైకిళ్లేవీ కొన్నవి కావు. చోర్ బజార్‌లో ఒక దుకాణంలో ఫ్రేము, ఇంకో దుకాణంలో రిమ్ములు, ఎవరో పారేసిన హబ్బు ఏరుకొచ్చి, పుల్లపుల్లా తనే బిగించి నిలబెట్టినవి. ఆదివారాలు స్నేహితులకు తలా ఒకటి దించి ఇచ్చి, వసయికో వజ్రేశ్వరికో తీసుకుపోయేవాడు. ఎవరు దేనిమీద ఎక్కాలో అతనే చెప్పాలి. పచ్చదాని మీద మాత్రం అతను తప్ప ఎవరూ ఎక్కకూడదు. అది ఎవరో దొర తొక్కి వదిలేసిన రేసు సైకిల్ ఫ్రేము. వంకరపోయిన దాన్ని నెలలు పట్టి సాపు చేశాడు. తన ఒంటి కొలతలకు సరిగ్గా అమర్చుకున్నాడు.

మిల్లుల సమ్మె చల్లారిన మరుసటి చలికాలం, ఖండాలా వెళ్దామనుకున్నారు. ఒక మనిషి తగ్గాడు. శంకర్రావుకు చిన్ననాటినుంచీ జతగాడైన తుకారాం, పెంటయ్యను పట్టుకొచ్చాడు. పెంటయ్య పాలమూరు పిల్లగాడు. వర్లిలో లేస్తున్న బిల్డింగులో సెంట్రింగు పని. రత్నాబాయి నడిపే ఖానావళిలో రోజూ అన్నం తింటాడు. నెమ్మదస్తుడు. శంకర్రావు అతనికి అన్నిటికన్నా బరువైనదాన్ని, పాలవాళ్లు క్యాన్లు కట్టుకుని తిరిగే సైకిల్‌ను దించి ఇచ్చాడు. అలా ఎందుకిచ్చాడో ఆ పొద్దు తనను తాను అడగలేదు.

పన్వేల్ దాటేసరికి జవాబు తెలిసింది. ఆ ఇనప మోపు మీద కూర్చుని పెంటయ్య ఏదో కూనిరాగం తీస్తూ తొక్కుతున్నాడు. పక్కనే వస్తున్న శంకర్రావుకు మాట్లాడటానికి ఊపిరి అందడం లేదు. యాభై దాటిన మనిషికి ఇరవై ఐదేళ్లవాడి ఊపిరి ఎక్కడినుంచి వస్తుంది? ఆ లెక్క అతనికి తెలియక కాదు. తెలిసిన లెక్క మనసును ఊరుకోబెట్టదు, అంతే.

ఖోపోలి దగ్గర కొండ ఎక్కే ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట శంకర్రావు మోకాలు పట్టేసింది. దిగి నిలబడితే కాలు ఆనడం లేదు. పైకి పోతున్న పెంకుల లారీ ఒకటి ఆగింది. తుకారాం మాట్లాడాడు. ఆ బరువుతో ఘాట్ ఎక్కడం కష్టమని పెంటయ్యను దింపి, పాలవాళ్ల సైకిల్‌ను ఎత్తి పెంకుల మీద పడేశారు. పచ్చదాన్ని కూడా ఎత్తబోతే శంకర్రావు అరిచాడు.

"పెంకుల మీద వద్దు! రంగు లేస్తది."

"ఐతే నెత్తిన పెట్టుకుంటవా?" అన్నాడు తుకారాం. "పెంటయ్య తొక్కుకొస్తడు తియ్. అరే శంకర్యా, సైకిల్‌రా అది. నీ కోడలు కాదు."

శంకర్రావు పచ్చదాన్ని పెంటయ్య చేతికి వదిలాడు. లారీ ఎక్కి, వెనక తలుపు మీద చేతులు వేసుకుని, వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

నిండు లోడుతో లారీ మనిషి పరుగెత్తేంత జోరులోనే ఎక్కుతోంది. మిగతావాళ్లు దిగి తోసుకుంటూ వెనకబడిపోయారు. పెంటయ్య ఒక్కడే లారీని వదలకుండా ఎక్కుతున్నాడు. శంకర్రావు చూస్తూ ఉన్నాడు. చూస్తూ ఉండగా అతనికి తట్టింది, ఈ సైకిల్ నడుస్తుండగా తానెన్నడూ చూడలేదని. ఇన్నేళ్లూ దాని మీద ఉన్నది తనే. అతనికి తెలిసింది హ్యాండిలూ, ముందు చక్రం పైభాగమూ, అంతే. ఇప్పుడు మొత్తం కనబడుతోంది. పుల్లలు కరిగిపోయి చక్రాలు రెండూ ఎండలో గాజు పళ్లేల్లా ఉన్నాయి. ఒక్క చప్పుడు లేదు. మలుపు దగ్గర అది ఒంగిన తీరు చూడటానికి అతను తలుపు మీదనుంచి ముందుకు వంగాడు.

ఇంత అందంగా ఉంటుందా ఇది!

మరుక్షణమే కడుపులో మంట లేచింది. పెళ్లింట్లో నలుగురి మధ్య పగలబడి నవ్వుతున్న భార్యను దూరంనుంచి చూసి, ఈమె నా దగ్గర ఇలా ఎప్పుడు నవ్వింది అనుకునే మగవాడి మంట అది. నా కింద ఇలా నడిచిందా ఎప్పుడైనా? లేక ఈ పిల్లగాడి కాళ్లు తగిలాకే ఇలా అయిందా? పెంటయ్య సీటు మీదనుంచి లేచి, పెడళ్ల మీద నిలబడి, అటూ ఇటూ ఊగుతూ తొక్కాడు. శంకర్రావు ఎప్పుడూ అలా తొక్కి ఎరగడు. సైకిల్ ఆ ఊపుకు ఊగింది. ఇష్టంగానే ఊగినట్టనిపించింది.

చైను పడాలి, అనుకున్నాడు శంకర్రావు. ఒక్కసారి పడితే చాలు.

చైను పడలేదు. దాన్ని బిగించినవాడు తనే.

పైన ఖండాలాలో పెంటయ్య దిగి, మెడలో తువ్వాలతో ఫ్రేమంతా తుడిచి అప్పజెప్పాడు. "మంచిగుంది మామా, బండి," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఇంకేమీ అనకపోవడమే శంకర్రావు మనసులో పడి నానింది. దొంగతనం చేసినవాడే తక్కువ మాట్లాడతాడు.

ఆ తర్వాత అతను ఒక పని మొదలుపెట్టాడు. డ్యూటీనుంచి రాగానే గ్యాలరీలో కూర్చుని పెంటయ్య కోసం కొత్త సైకిల్ కట్టడం. చాల్‌లో అందరూ మెచ్చుకున్నారు. పరాయి కూలిపిల్లగాడికి ఇంత ఎవరు చేస్తారన్నారు. శంకర్రావు తల వంచుకుని పుల్లలు బిగించాడు. సొంత సైకిల్ ఒకటి ఉంటే వాడు మళ్లీ పచ్చదాని జోలికి రాడు. ఆ మాట ఎవరితో అంటాడు? పెంటయ్యను నిలబెట్టి కాలి పొడవు, చేతి పొడవు, భుజాల వెడల్పు టేపుతో కొలుస్తుంటే, ఆ భుజాలు కొలిచేటప్పుడు అతని వేళ్లు బిగుసుకునేవి.

"ఈ పోరనికి సైకిల్ చేస్తున్నవా, పాడె కడుతున్నవా?" అంది రత్నాబాయి ఒకరోజు, చెయ్యి కడుక్కుంటూ. "మొఖం జూస్కో జర అద్దంల."

ఎండలు ముదిరేలోపు సైకిల్ తయారైంది. ఎర్రది. ఒక ఆదివారం పొద్దున పెంటయ్య దాన్ని గల్లీ చివరిదాకా తొక్కి, తిరిగొచ్చి, పిల్లవాడిలా నవ్వాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. పచ్చది అక్కడే, గడప దగ్గర, దుప్పటి తీసి ఉంది. శంకర్రావే తెచ్చి నిలబెట్టాడు. పెంటయ్య దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు.

శంకర్రావు కాసేపు ఓపిక పట్టాడు.

"మరి ఇది?" అన్నాడు చివరికి, పచ్చదాని సీటు మీద చెయ్యి వేసి. "ఇది యాదికొస్తలేదా నీకు?"

"అదెందుకు మామా, నాది నాకుండంగ?"

"ఘాట్‌ల మస్తుగ తొక్కితివి కద."

పెంటయ్య తల గోక్కున్నాడు. "చెప్తే ఏమనుకోవు కద? దాని హ్యాండిల్ జర ఇరుకు మామా. ఆ దినం కూసుంటే మెడ గుంజుతుండె. అందుకే లేసి తొక్కిన. రెండ్రోజులు రెక్కలు నొచ్చినయ్. సుత్తె లేపరాలే."

గ్యాలరీ మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్న తుకారాం పకపకా నవ్వాడు. "ఏక్‌దమ్ సచ్చా మాట! ఇన్ని దినాలు దొర బండి, దొర బండి అని మమ్మల్ని ముట్టనియ్యకపోతివి."

"మరి అప్పుడే చెప్పలేదేం?" అన్నాడు శంకర్రావు పెంటయ్యతో.

"నీకు దాని మీద పానమాయె. ఎట్ల చెప్తా?"

శంకర్రావు చలికాలంనుంచి మోసిన మంట ఒక్కసారిగా నిలబడటానికి చోటు లేనిదైంది. ఊరట కలగాలి. కలగలేదు. వాడికి అది అక్కర్లేదట. రెక్కలు నొచ్చాయట! పచ్చదాన్ని ఎవరో పదిమందిలో తీసి పారేసినట్టనిపించింది. సీటు మీదున్న తన చేతిని చూసుకున్నాడు. చేతి కింద ఉన్నది పాత ఇనుము, అక్కడక్కడా తను వేసిన రంగు. ఘాట్‌లో చూసినది ఇదేనా? అది మళ్లీ కనబడుతుందా, లేక మంటతోపాటు అదీ పోయిందా?

"ఒక్కపారి తొక్కు," అన్నాడు.

"ఎందుకు మామా?"

"చూస్త. ఫోరస్ రోడ్డు మూలదాంక పోయి రా. గంతే."

పెంటయ్య తుకారాం వైపు చూశాడు. పెద్దమనిషి అడుగుతున్నాడు కదా అని పచ్చదాని మీద ఎక్కాడు. మొదట మామూలు సైకిలే. కూరగాయల బండిని తప్పించుకుంటూ, ఇబ్బందిగా మోచేతులు ముడుచుకుని పోతున్న ఒక మనిషి. శంకర్రావుకు నోరు చేదెక్కింది. ఇంతేనా?

గల్లీ సగం దాటాక దారి ఖాళీ అయింది. పెంటయ్య లేచి నిలబడ్డాడు. సైకిల్ కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి ఊగింది. చక్రాల పుల్లలు కరిగి మాయమయ్యాయి. పచ్చ రంగు ఎండలో ఒక్క గీతై సాగింది.

శంకర్రావు గుండెల్లో మళ్లీ నిప్పు రాజుకుంది. అదే మంట, ఏమీ తగ్గలేదు. ఎంత హాయిగా ఉంది!

"చాలు!" అని అరిచాడు. పెంటయ్యకు వినబడలేదు. మూల దగ్గరపడుతోంది.

"చాలన్న కదరా! దిగు! దిగు దానిమీదికెల్లి!"

మోకాలిని మరిచిపోయి, ఒట్టి కాళ్లతో, శంకర్రావు గల్లీ వెంట పరుగెత్తాడు.