పులిహోరలో ఏమీ లేదు

నలభై ఒక్కేళ్ల వయసులో నేను మింగడం నేర్చుకున్నాను. నవ్వొస్తే నవ్వండి, మొదట్లో నాకూ నవ్వే వచ్చింది. తిరుపతి ఆస్పత్రిలో గ్రేసీ అనే అమ్మాయి, నా దగ్గర చదువుకుని వెళ్లిన పిల్లలంత వయసుది, నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని ఓపిగ్గా చెప్పింది. చిన్న ముద్ద పెట్టుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనేట్టు తల వంచి మింగాలి. నోట్లో ఏమీ మిగలకపోయినా ఇంకోసారి మింగాలి. పల్చటి నీళ్లు గడగడా తాగకూడదు, పొడి కలిపి చిక్కబరుచుకుని కొంచెం కొంచెంగా తాగాలి. తినేటప్పుడు మాట్లాడకూడదు. అన్నీ నోటు పుస్తకంలో రాసుకుని, బుద్ధిమంతురాలిలా తల ఊపి బస్సెక్కాను.

నా జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీది పూత పోతూ ఉంటుంది. ఏ నరం పూత పోతే ఆ నరం చేసే పని కుంటుపడుతుంది. తొమ్మిదేళ్ల కిందట కంటితో మొదలై ఎడమ కాలికి వచ్చింది, పోయినేడాది గొంతుకి వచ్చింది. కాలు ఈడ్చడం అందరికీ కనిపిస్తుంది గనక బళ్లో వెన్నుపూస అరిగిందని చెప్పాను. గొంతు సంగతి మా ఆయన బాలచంద్రకి తప్ప ఎవరికీ చెప్పలేదు. కాలు కుంటితే జనం జాలిపడి కుర్చీ ఇస్తారు. తింటున్న మనిషి ముక్కులోంచి మెతుకులు వస్తే మొహం తిప్పుకుంటారు. ఒక పెళ్లిలో నా పక్క విస్తరి ముందు కూర్చున్న ఆవిడ అలా మొహం తిప్పుకుని, తన మంచినీళ్ల గ్లాసు అవతలికి జరుపుకుంది. ఆ తర్వాత నేను నలుగురిలో తినలేదు.

మా బడి చిత్తూరు నుంచి బస్సులో నలభై నిమిషాల దూరం. మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరూ క్యారియర్లు విప్పి కూరలు పంచుకుంటారు. నేనెందుకు తిననో వాళ్లకొక కారణం కావాలి కదా. సోమవారం శివుడికన్నాను, మంగళవారం సుబ్రహ్మణ్యస్వామికి, గురువారం బాబాకి, శనివారం వెంకటేశ్వరస్వామికి. శుక్రవారం తలనొప్పి. గ్రంథాలయం గదిలో గడియ పెట్టుకుని, బీరువా వైపు తిరిగి కూర్చుని, మెత్తగా పిసికిన పెరుగన్నం తిని వచ్చేదాన్ని. తోటి టీచర్లకు నా మీద ఎంత గురి కుదిరిందంటే, కొండకు వెళ్లేటప్పుడు తమ పేరు కూడా స్వామికి చెప్పమని అడిగేవాళ్లు. సరేనని తల ఊపేదాన్ని.

ఒక్క బుధవారానికి మాత్రం దేవుడు దొరకలేదు. పిల్లలకు వడ్డించే ముందు రోజూ ఒక టీచరు భోజనం రుచి చూసి రిజిస్టర్లో సంతకం చెయ్యాలి. రాజశ్రీ మేడమ్ తినే రోజు ఇదొక్కటే కదా అని హెడ్మాస్టర్ జయరామ్ సార్ నా వంతు బుధవారం వేశాడు. నేను నాలిక కొసకి ఒక మెతుకు అంటించుకుని, 'రుచి బాగుంది' అని గుండ్రటి అక్షరాలతో రాసేదాన్ని. పళ్లెంలో మిగిలింది గోడ అవతలి కుక్కకు పెట్టేదాన్ని.

ఈ దొంగాట ఆగస్టు దాకా సాగింది. ఆ నెలలో, టీచరు తింటూ ఉండగానే ఫొటో తీసి పంపాలని కొత్త నియమం వచ్చింది. ఆ బుధవారం పులిహోర. పొడిపొడిగా విడివడిన అన్నం, మధ్యలో వేరుశెనగ పప్పులు. గ్రేసీ నన్ను ఏవేవి తినొద్దందో అవన్నీ ఒక్క పళ్లెంలో ఉన్నాయి. పిల్లలు వరండాలో వరసగా కూర్చున్నారు. వంట చేసే కుప్పమ్మ పళ్లెం నా చేతికిచ్చి పక్కన నిలబడింది. జయరామ్ సార్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. నేను కాసిని మెతుకులు నోట్లో పెట్టుకుని తల వంచబోయాను.

"తల పైకెత్తండి మేడమ్, మొహం కనపడల్ల" అన్నాడు సార్. "ఉప్పు సరిపోయిందా?"

తల ఎత్తాను. సరిపోయిందని చెప్పడానికి నోరు తెరిచాను. అంతే, మెతుకు అడ్డం తిరిగింది.

దగ్గు కాదది. గాలి లోపలికి పోదు, బయటికి రాదు. కళ్లు బైర్లు కమ్మాయి. కుప్పమ్మ పరిగెత్తుకొచ్చి నా నడినెత్తిన తట్టడం మొదలుపెట్టింది. పొలమారితే మా వైపు ఎవరైనా చేసే పని అదే. "ఎవురో తలుసుకుంటా ఉండారు టీచరమ్మా, ఏమీ కాదు" అంటూ చెంబు నా నోటికి ఆనించింది. నీళ్లు వద్దని చెప్పడానికి నాకు గొంతు లేదు. ఆ నీళ్లూ తప్పుదారే పట్టాయి. చివరికి పెద్ద దగ్గుతో నోట్లోంచి, ముక్కులోంచి పసుపు మెతుకులు, నీళ్లు, జొల్లు నా చీర మీద, నేల మీద, ముందు వరసలో ఉన్న లోహిత పళ్లెంలో పడ్డాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరో తరగతి పిల్ల లోహిత తన పళ్లెం వైపు చూసి, నా వైపు చూసి, పళ్లేన్ని మెల్లగా పక్కకు జరిపింది. ఆ జరపడం నేను ఇంతకు ముందు చూసిందే.

ఏమైంది మేడమ్ అని జయరామ్ సార్ అడుగుతున్నాడు. నూట పది మంది పిల్లలు నన్నే చూస్తున్నారు. ఊపిరి అందిన మొదటి క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"అన్నంలో ఏదో ఉంది సార్. గొంతులో గుచ్చుకుంది."

ఎందుకన్నానంటే సిగ్గుతో అన్నాను. ఇంకే కారణమూ లేదు. అందరి చూపులూ నా మీది నుంచి గుండిగ వైపు మళ్లాయి, నాకు ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడటం తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

గుండిగెడు పులిహోర గుంత తీసి పూడ్చారు. పిల్లలకు తలా రెండు బిస్కెట్లు ఇచ్చి ఇంటికి పంపారు. కుప్పమ్మ ఏడుస్తూ, బియ్యం మూడుసార్లు చెరిగినానని ప్రమాణాలు చేసింది. పద్నాలుగేళ్లుగా ఆ పొయ్యి ముందు నిలబడిన మనిషి, ఒక్కరోజు మాట పడింది లేదు. మండలం ఆఫీసరు శనివారం వచ్చి విచారిస్తారని, అప్పటిదాకా వంటగదిలోకి రావద్దని సార్ చెప్పాడు. తప్పు తేలితే పని పోతుంది. నన్ను జరిగింది కాగితం మీద రాసిమ్మన్నాడు. 'గట్టి వస్తువు గొంతుకు తగిలినది' అని రాసిచ్చాను. నా దస్తూరి ఎప్పుడూ బాగుంటుందని మెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చి బాలచంద్రకి చెప్పాను. ఆయన కోర్టులో గుమాస్తా, కాగితాల మనిషి. రాసిచ్చాక మాట మారిస్తే అబద్ధం రాసిన నేరం నీదవుతుంది, జబ్బు బయటపడితే ఉద్యోగానికి పనికొస్తావో లేదో డాక్టర్ల బోర్డు ముందు నిలబెడతారు అన్నాడు. కుప్పమ్మకి ఇంకో చోట పని దొరుకుతుంది, నీకు దొరకదు అని కూడా అన్నాడు. ఆ మాట తప్పని నాకు తెలుసు. అయినా ఆ రోజుకి దాన్నే పట్టుకుని పడుకున్నాను.

శుక్రవారం సాయంత్రం తలుపు చప్పుడైతే తీశాను. కుప్పమ్మ. బస్సెక్కి, ఇల్లు కనుక్కుంటూ వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని, ఆమె నోరు తెరవకముందే నేనే కోపం తెచ్చుకున్నాను. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే నిలబడి, గొంతు నొప్పి తగ్గిందా, ఎక్స్‌రే తీయించినారా అని అడిగింది. అప్పుడు చూశాను, ఆమె చేతులకు గాజులు లేవు. మొగుడు బతికున్న ఆడమనిషి బోసి చేతులతో వీధిలోకి రాదు.

"గాజుపెంకే అయ్యుంటాది టీచరమ్మా" అంది. "ఇంటికి పోయి లెక్క సూసుకుంటి. ఎడమ చేతికి ఒకటి తక్కువుండాది. యాడ పగిలిందో, ఎప్పుడు పగిలిందో తెలీదు. గుండిగలో పడిందో ఏమో. అన్నీ తీసేసినా. ఇంక ఏసుకోను."

వంగి నా కాళ్లు పట్టుకుంది.

అప్పుడు చెప్పాల్సింది. ఇద్దరమే ఉన్నాం, వినేవాళ్లు లేరు, ఫోన్లు ఎత్తి పట్టుకున్నవాళ్లు లేరు. నేనేం చేశానో చెబుతాను. ఆమె భుజం పట్టి లేపి, "పర్వాలేదులే కుప్పమ్మా, ఇకమీద జాగ్రత్తగా ఉండు" అన్నాను. చెయ్యని తప్పుకి ఆమెను క్షమించాను. ఆమె కళ్లు తుడుచుకుని, మీ మనసు మంచిదని చెప్పి, ఏడు గంటల బస్సుకి వెళ్లిపోయింది. తలుపు వేసుకున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

శనివారం ఆఫీసరు హెడ్మాస్టర్ గదిలో కూర్చుని నా కాగితం పైకి చదివాడు. కుప్పమ్మ ఏమంటావని అడిగాడు. ఆమె చేతులు కొంగు కింద దాచుకుని, గాజు సంగతి తానే చెప్పింది. ఆఫీసరు రాసుకుంటున్నాడు. ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉంటే నా జబ్బు నాతోనే ఉండిపోయేది. నిజం చెప్పాలంటే, మూసుకోవాలనే కూర్చున్నాను.

"నాదే తప్పు సార్. పని తీసేసినా నేనేం అనను" అంది కుప్పమ్మ. "బిడ్డల గొంతులో పోయింటే ఏం గతి? ఆయమ్మ ముందుగా తిని బిడ్డల్ని కాపాడింది."

ఆఫీసరు నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపు మాత్రం మింగుడు పడలేదు.

"పులిహోరలో ఏమీ లేదు సార్" అన్నాను. "గాజూ లేదు, రాయీ లేదు. నాకే మింగుడు సరిగ్గా రాదు. నరాల జబ్బు, తొమ్మిదేళ్లుగా ఉంది. ఆ రోజు పిల్లల ముందు సిగ్గేసి అబద్ధం చెప్పాను."

ఆఫీసరు పెన్ను కింద పెట్టి, అది అంటుకునే జబ్బా అని అడిగాడు. కాదన్నాను. జయరామ్ సార్‌కి మాత్రం ఇంకేదో అర్థం కాలేదు. నా మొహం చూసి, మరి ఉపవాసాలో అన్నాడు.

"ఉపవాసాలు కూడా లేవు సార్."

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. పిల్లలు హోంవర్క్ గురించి అబద్ధం చెబితే నేను వేసే శిక్షలన్నీ నాకు గుర్తొచ్చాయి. ఆఫీసరు నా కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, సోమవారం నుంచి కుప్పమ్మ పనిలోకి రావచ్చని రాశాడు. వారంలోగా నా సంజాయిషీ రాతపూర్వకంగా పంపమన్నాడు. అది న్యాయమే.

కుప్పమ్మ బయట వరండా మెట్ల మీద నా కోసం ఆగి ఉంది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"నా మొగుడు బతికుండంగా బోసి చేతుల్తో మీ గడప కాడ నిలబడితిని. మీ కాళ్లు పట్టుకుంటిని. అప్పుడన్నా చెప్పింటే ఏమైతా ఉన్నింది టీచరమ్మా?"

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇది జరిగి నెలన్నర అయింది. రుచి చూసే వంతు నాకు తీసేశారు. గ్రంథాలయం గదికి నేను వెళ్లడం మానేశాను. దాచడానికి ఇంకేముంది? మధ్యాహ్నం వరండాలో పిల్లల వరస చివర కుర్చీ వేసుకుని, గోడ వైపు కాకుండా వాళ్ల వైపే తిరిగి తింటున్నాను. నాకు దగ్గొస్తే ఇంకా చెవులు కాలుతాయి, చెమటలు పడతాయి. పిల్లలకు చెప్పాను, నేను తినేటప్పుడు పలకరించొద్దని, దగ్గొస్తే నెత్తిన తట్టొద్దని, నీళ్లు ఇవ్వొద్దని. ఒకటికి రెండుసార్లు చెబితే పెద్దవాళ్లకంటే పిల్లలకే బాగా గుర్తుంటుంది.

నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు, కుప్పమ్మ నాకోసం అన్నం కాస్త ఎక్కువసేపు ఉడికిస్తోంది. పప్పు వేసి మెత్తగా మెదిపి, తాలింపులో ఆవాలు ఏరేసి పట్టుకొస్తుంది. నేను తల వంచి, ఒక్కో ముద్ద రెండేసి సార్లు మింగుతూ తినే అరగంటా స్తంభానికి ఆనుకుని నన్నే చూస్తూ నిలబడుతుంది. చెంబు దగ్గరికి తేదు. ఆమె చేతులకు మళ్లీ గాజులు వచ్చాయి.

తినేటప్పుడు నాతో మాట్లాడొద్దని అందరికీ నేనే చెప్పాను కదా, అందుకే ఆమె మాట్లాడటం లేదని మొదటి రెండు రోజులు అనుకున్నాను. మూడో రోజు తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, నోటిలో ఏమీ లేదని చూసుకుని, "కుప్పమ్మా" అని పిలిచాను. ఆమె పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.